నిండు చూలాలి భయానక చిత్రము

కోడలు నెల తప్పినదని తెలిసిన నాటినుండి మన యిండ్లలో సందడికి లోటుండదు. చలిమిడి, సీమంతము, గాజులు, పుట్టింటి ప్రయాణము అన్నియు వరుసగా జరిగిపోవును. పురుడు పునర్జన్మమను మాటను ముసలమ్మలు తమలో తాము చెప్పుకొందురే గాని చూలాలి యెదుట నెవ్వరును అనరు. ఆ పిల్లయు తన గుండెలోని బెదురును బయట పెట్టదు. కడుపుతో నున్నప్పుడు అశుభము పలుకరాదని ఆమెకు చిన్ననాడే నేర్పియున్నాము.

అమెరికా దేశపు గాయని యొకతె ఈ బెదురునే వస్తువుగా గైకొని, 2021 సంవత్సరమున పదమూడు పాటల ఆల్బమును, దానికి తోడుగా ఇంచుమించు గంటసేపు నడచు భయానక చలనచిత్రమును వెలువరించినది. ఆ పనులు జరుగుచున్న నెలలలో ఆమెయే గర్భవతి. ఇందులకే ఈ సంగతి మన సోదరీమణులకు తెలుపదగినదని మాకు తోచినది.

ఆమె పేరు హాల్సీ. 1994లో న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించినది. గర్భాశయపు లోపలి పొరవంటి కణజాలము గర్భాశయము వెలుపల పెరిగి, ముట్టు దినములలో దుర్భరమైన నొప్పి గలిగించు వ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని ఎండోమెట్రియోసిస్ అందురు. తనకా వ్యాధి గలదని హాల్సీ 2016లో దాపరికము లేకుండ ప్రకటించినది. ఒక కచేరీకి కొన్ని గంటల ముందు తనకు గర్భస్రావమైన సంగతియు, ఆ రాత్రి తాను వేదిక నెక్కి పాడిన సంగతియు ఆ యేటనే పత్రికవారికి చెప్పినది. అట్టి స్త్రీకి మరల కడుపు పండినప్పుడు సంతోషముతోపాటు ఎట్టి శంక వెంట వచ్చునో తల్లులకు వేరుగా వ్రాయనక్కరలేదు.

ఆల్బము పేరు ‘ఇఫ్ ఐ కాంట్ హావ్ లవ్, ఐ వాంట్ పవర్’. ప్రేమ దొరకనిచో అధికారమైన కావలెనని దాని తాత్పర్యము. గర్భధారణమునందలి ఆనందమును, భయమును రెంటిని చెప్పుటకే ఈ పాటలని హాల్సీ తెలిపినది. చిత్రమునకు కూడ పేరదియే. కథ వ్రాసినది, నాయికగా నటించినది ఆమెయే. దర్శకుడు కోలిన్ టిల్లీ, పాటల చిత్రములు తీయుటలో చేయి తిరిగినవాడు.

కథాస్థలము పాతకాలపు రాజాస్థానము. లీలా యను రాణిని భర్త హింసించుచుండును. అతడు హఠాత్తుగా మరణించును. తాను గర్భవతి నని రాణి తెలిసికొనును. అంతట తనలో మానుషాతీతమైన శక్తు లేవో మేల్కొనుచున్నట్లు గ్రహించును. దాసీలు, కోటగోడలు, కిరీటము, రక్తము, మంత్రము వీని నడుమ కథ నడచును.

నేటి స్త్రీ తన భయమును చెప్పుకొనుటకు ఏనాటివో రాణుల దుస్తు లేల యని మొదట మాకును అనిపించినది. కాని చరిత్ర పుటలు త్రిప్పినచో జవాబు దొరకును. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ రెండవ భార్య ఆన్ బొలీనుకు 1536 జనవరిలో గర్భస్రావమైనది. ఆ యేటి మే 19వ తేదీన ఆమె తల నరికించిరి. మోపిన నేరములు వేరు; మగబిడ్డ లేకపోవుటయు ఆమెను ముంచిన కారణములలో నొకటి. తరువాతి రాణి జేన్ సీమోరు 1537 అక్టోబరు 12న కొడుకును గన్నది, పండ్రెండవ నాడు కన్ను మూసినది. కననిదానికి కత్తి, కన్నదానికి కాడు. ఇక భయానక కథకు పిశాచములను కల్పించుకొనవలసిన పనియేమి?

ఆల్బము ముఖచిత్రమును గూర్చి కొంత చెప్పవలెను. న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ చిత్రవస్తుశాలలో 2021 జూలై 7న దాని ముసుగు తొలగించిరి. కిరీటము ధరించి, ఒక రొమ్ము కనబడునట్లు బిడ్డ నొడిలో నిడుకొని సింహాసనముపై కూర్చున్న తల్లి రూపమది. కామిని వేరు, తల్లి వేరు అని లోకము చీల్చిన రెండును ఒక్క దేహమునందే యిమిడి యుండునని చూపుట తన యుద్దేశమని హాల్సీ వివరించినది. ఈ పటమును చూచినవారికి ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫుకే 1452 ప్రాంతమున వ్రాసిన మేరీమాత పటము జ్ఞప్తికి వచ్చును. అది నేడు ఆంట్‌వెర్ప్ నగరమున నున్నది. అందలి మేరీమాత ముఖము ఆన్యెస్ సోరెల్ అను నామె ముఖమని ప్రతీతి. ఈమె ఏడవ చార్లెస్ రాజునకు ఉంపుడుగత్తె. 1450లో బిడ్డను గన్న కొలది కాలమునకే మృతినొందెను. 2005లో ఆమె అస్థికలను పరీక్షింపగా మితిమీరిన పాదరసము కనబడినది. మందుగా నిచ్చిరో, విషముగా నిచ్చిరో యని నేటికిని తర్కించుచున్నారు.

పాటలకు హాల్సీతో కలిసి సంగీతము కూర్చినవారు ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్. ‘ది సోషల్ నెట్‌వర్క్’ అను చిత్రమునకు 2011లో ఆస్కారు బహుమానము పొందిన జంట యిది. పియానోపై మెల్లగా మొదలైన పాట క్రింద ఏదో యంత్రము గురకపెట్టుచున్నట్లు ధ్వని నుంచుట వీరి పద్ధతి. మన సినిమాలలో పాట రాగానే కథ కాసేపు ప్రక్కకు తప్పుకొని దారి యిచ్చును. ఇక్కడ పాటకొరకే కథ పుట్టినది. ఇట్టి పనిలో మరియొక చిక్కు కలదు. నటి కడుపుపై దూది కట్టనక్కరలేదు గాని, నిజమైన గర్భము దర్శకుని తీరిక కొరకు ఆగదు. నెల నిండక మునుపే నటన ముగించుకొనవలెను.

కడపటి పాట పేరు ‘యాబుర్నీ’. ఇది అరబ్బీ మాట. నన్ను నీవే పాతిపెట్టుదువు గాక యని అర్థము. అనగా నీవు లేని లోకమున నేనుండలేను, నేనే ముందు పోవలెనని ప్రేమతో కోరుట. పసుపు కుంకుమలతో పోవలెనని మన ముత్తయిదువలు కోరుకొనుట వినియున్న చెవులకు ఈ మాట పరాయిదిగా తోచదు. ఇంత భయము చెప్పిన ఆల్బము ఈ మాటతో ముగియుట మాకు మిక్కిలి నచ్చినది.

చిత్రమంతయు అట్లు నచ్చినదని చెప్పజాలము. కొన్నిచోట్ల కథకంటె వస్త్రాలంకారమే మిన్నగా దోచును. నగ్నత్వము, రక్తపాతము గలవు. పిల్లలతో కలిసి చూడదగినది కాదు. కడుపుతో నున్న సోదరీమణులు పురుడు వచ్చి, తేరుకొనిన పిమ్మట చూచినను నష్టము లేదు.

హాల్సీకి 2021 జూలై 14న బిడ్డ కలిగెను. ఐమాక్స్ అను పెద్ద తెరల చిత్రశాలలలో ఆగస్టు 25న చిత్రమును చూపిరి. ఆల్బము 27న వెలువడెను. తెరమీద రాణి నొప్పులు పడుచుండగా జనులు చూచిన నాటికి బిడ్డకు నలువదిరెండు దినములు. మన లెక్క ప్రకారము తల్లి యింకను పచ్చి బాలింతరాలు.