వజ్రాల గ్రహం నిజమేనా?

కర్కాటక రాశి అనగానే మనకు జాతకాలూ, పుష్యమి నక్షత్రమూ జ్ఞాపకం వస్తాయి. ఆ రాశిలోనే, మనకు 41 కాంతి సంవత్సరాల దూరాన, కటిక చీకటి రాత్రి ఉత్త కంటికి లీలగా కనిపించే చుక్క ఒకటుంది. దాని పేరు 55 కాంక్రి. దాని చుట్టూ తిరిగే గ్రహాల్లో ఒకదానికి సంవత్సరమంటే మన 18 గంటలు కూడా ఉండదు! ఆ గ్రహంలో వజ్రాలున్నాయని 2012లో పత్రికలన్నీ రాశాయి.

ఎవరూ వెళ్ళి చూడని గ్రహంలో ఏముందో ఎలా చెబుతారని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. తీరా చదివి చూస్తే, ఇది మన కంసాలి చేసే పరీక్షే. నగ ఎంతుందో, ఎంత తూగుతుందో తెలిస్తే అందులో ఏం కలిసిందో కొంత ఊహించవచ్చు.

మొదట పరిమాణం. గ్రహం చుక్కకు అడ్డం వచ్చినప్పుడల్లా దాని వెలుగు సుమారు మూడువేల వంతుల్లో ఒక వంతు తగ్గుతోందని 2011లో పట్టుకున్నారు. దాన్ని బట్టి గ్రహం అడ్డుకొలత భూమికి 1.88 రెట్లని లెక్క తేలింది.

తరవాత బరువు. గ్రహం లాగుతూంటే చుక్క కూడా కాస్త మనవైపుకూ, కాస్త వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపు సెకనుకు సుమారు 6 మీటర్లు; సైకిలు మీద హడావిడిగా పోయే మనిషి వేగమన్నమాట! చుక్క వెలుగును రంగులుగా విడదీసి, వాటిలోని గీతలు జరిగే తీరును బట్టి దీన్ని కొలిచారు. గ్రహం బరువు సుమారు 8 భూములంత.

ఇక లెక్క మనమే వేద్దాం. 1.88ని మూడు మార్లు వేసి హెచ్చవేస్తే 6.6. అంటే 6.6 భూములు పట్టే చోట 8 భూముల బరువుంది. అయితే అందులో ఇనుము ఎక్కువన్నమాట అనకండి! అంత బరువు కింద లోపలి సరుకంతా అణగిపోతుంది. భూమిలాగే రాయీ, ఇనుమూ అయితే ఇంకా చిన్న గోళంలో ఇమిడిపోవాలి. కనక తేలిక వస్తువేదో కలిసింది.

అదేమిటన్నదే తగాదా. నీళ్ళన్నారు కొందరు. మన దేశంలో పుట్టిన నిక్కు మధుసూదన్, ఆయన సహచరులు కర్బనం కావచ్చన్నారు. ఆ ఒత్తిడికి కర్బనం వజ్రమవుతుంది. గ్రహంలో మూడోవంతు వజ్రమే కావచ్చునట! చుక్కలో ఆక్సిజన్ కంటే కర్బనం ఎక్కువన్న కొలత ఈ ఊహకు ఆధారం. 2013లో మళ్ళీ కొలిస్తే కర్బనమే తక్కువని తేలింది. వజ్రాల కథ నీరసించింది. 2024లో జేమ్స్ వెబ్ దుర్భిణి మరో సంగతి సూచించింది: ఆ గ్రహం చుట్టూ కర్బన వాయువుల పొర ఉండవచ్చునని.

ఒకే తూకానికి రెండు మూడు రకాల మిశ్రమాలు సరిపోతాయి. అందుకే కంసాలి తూచి ఊరుకోడు, గీటురాయి మీద గీసి కూడా చూస్తాడు. వెబ్ దుర్భిణి చేస్తున్నది ఆ గీటు పనే. వజ్రాలు పోతే పోనీండి. సైకిలు వేగమంత ఊపును 41 కాంతి సంవత్సరాల అవతల కనిపెట్టిన ఈ త్రాసు మాత్రం మనకు దక్కింది.