మడిలోని ఎర్ర పురుగు

గత సార్వాలో నాట్లు పడిన కొద్ది దినములకు ఒక రైతు అగ్గిపెట్టెలో ఎర్రని సన్న పురుగులు పట్టుకొని మా కార్యాలయమునకు వచ్చినాడు. మడి బురదలో అంతటను ఇవే ఉన్నవట. సందెవేళ గట్టుపై దోమ గుంపులుగా ముసురుచున్నదట. అది ఉల్లికోడని తలచి గుళికల మందు కొన్నాడు. చల్లక ముందే మా వద్దకు వచ్చుట మంచిదైనది.

ఆ పురుగులు కైరోనమిడ్ అను కుటుంబమునకు చెందిన చిన్న ఈగల పిల్లలు. మన రక్తమునకు ఎరుపునిచ్చు హిమోగ్లోబిన్ వీని ఒంటిలోను కలదు. ప్రాణవాయువు తక్కువగా ఉండు బురదలో ఇవి బ్రతుకుటకు అది తోడ్పడును. అయితే ఈ కుటుంబములో ఎరుపు లేని పిల్లలు కూడ కలవు. బురదతో సన్నని గూడు కట్టుకొని, కుళ్లిన ఆకును, పాకుడును తిని ఇవి పెరుగును. రెక్కలు వచ్చిన పిమ్మట బ్రతుకు కొలది దినములే.

పెద్ద పురుగు చూపునకు దోమవలె ఉండును గాని కుట్టదు. కుట్టుటకు తగిన ముక్కే లేదు. వాలినపుడు దోమ వెనుక కాళ్లు ఎత్తును, ఇది ముందు కాళ్లు ఎత్తును. మగదాని మీసములు ఈకలవలె కుచ్చుగా ఉండును. ఉల్లికోడు ఈగకు పొట్ట నారింజ ఎరుపు. దాని పిల్ల బురదలో ఉండదు, పిలక లోపల ఉండి దానిని ఉల్లికాడవంటి గొట్టముగా మార్చును. ఆ రైతు మడిలో అట్టి గొట్టము ఒక్కటియు లేదు. ఇక సుడిదోమ సంగతి వేరు. అది దుబ్బు మొదట చేరి రసము పీల్చును. మనము అన్నిటిని 'దోమ' అనుటవలననే సగము చిక్కు.

1996లో ప్రకటితమైన జావా దీవి వరిపొలముల పరిశోధన ఒకటి గమనింపదగినది. పైరు లేతగా ఉండి చీడ ఇంకను రాని దినములలో సాలీళ్లు మొదలగు మిత్రజీవులు ఇట్టి నీటి ఈగలను తిని వృద్ధి పొందునని అందు తేలినది. తరువాత సుడిదోమ వచ్చుసరికి దానిని తిను సైన్యము పొలములో సిద్ధముగా ఉండును. తొందరపడి మందు చల్లినచో ఆ సాలీళ్లును, వాని మేతయు పోవును, రూకలును పోవును. చేపల చెరువులోనైతే బంగారుతీగ చేప అడుగు బురదను కెలకి ఈ పురుగులనే ఏరి తినును.

ఒక్కచోట మాత్రము జాగ్రత్త వలెను. నాట్లు వేయక మొలక విత్తనము వెదజల్లు మడిలో ఇవి లేత వేరును, మొలకను కొరుకుట కలదు. నీరు పెట్టి చాల దినములు ఉంచక, దమ్ము చేసిన వెంటనే చల్లవలెను. మొలకలు తేలుచున్నచో ఒకటి రెండు దినములు నీరు తీసి మడిని ఆరగట్టవలెను.