చుక్క ఎటు పోతోంది?

మా మేనకోడలిది అయిదో తరగతి. నవోదయ ప్రవేశ పరీక్షకు తయారవుతోంది. మొన్నో ఆదివారం మోడల్ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. వరసగా నాలుగు డబ్బాలు. ఒక్కోదాంట్లో ఓ నల్లచుక్క, ఓ బాణం, అడుగున కొన్ని గీతలు. అయిదో డబ్బాలో ఏం రావాలో చెప్పాలి. అయిదు నిమిషాలు గుడ్లప్పగించి చూశాను. ఏమీ తట్టలేదు.

"అన్నీ ఒకేసారి చూస్తావేంటి మామయ్యా! చుక్క ఒక్కదాన్నే చూడు" అంది.

చూశాను. చుక్క మొదట పైన ఎడమ మూలన ఉంది. తర్వాత పైన కుడి, కింద కుడి, కింద ఎడమ. అంటే గడియారం ముల్లులా తిరుగుతూ మళ్లీ మొదటి మూలకే రావాలి. ఆ ఒక్క ముక్కతో నాలుగు ఆప్షన్లలో రెండు ఎగిరిపోయాయి. ఇక బాణం. పైకి, పైన ఎడమకి, ఎడమకి, కింద ఎడమకి... అంటే చుక్కకు ఎదురు తిరుగుతూ, ప్రతిసారీ సగం మూల చొప్పున జరుగుతోంది. తర్వాత నేరుగా కిందికి చూడాలి. ఇంకోటి పోయింది. మిగిలిందే జవాబు. గీతలు లెక్కపెట్టే పనే పడలేదు.

ఈ బొమ్మల ప్రశ్నల గుట్టంతా దాదాపు ఇదే. నవోదయ పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, 50 మార్కులు బొమ్మలవే. వాటికి గంట. ఒక్కోదానికి నిమిషంన్నర. బొమ్మ మొత్తాన్ని ఒక్క చూపులో మింగేయాలనుకుంటే ఆ నిమిషంన్నర ఇట్టే కరిగిపోతుంది.

ఒకదాన్ని పట్టుకుని వెళ్లినా దారి దొరక్కపోతే, ఒకటి, మూడు, అయిదో బొమ్మల్ని ఓ వరసగా, రెండు, నాలుగింటిని మరో వరసగా చూడాలి. రెండు కథలు కలిపి అల్లేయడం పేపరు తయారుచేసేవాళ్లకు సరదా. 'భిన్నమైనది ఏది' అన్నప్పుడు ముందు గీతలు, భుజాలు లెక్కపెట్టాలి. తేలకపోతే మూసిన బొమ్మా, తెరిచిందా, నిలువునా మడిస్తే రెండు సగాలూ కలుస్తాయా అని చూడాలి. ఎక్కువమంది బోల్తా పడేది తిప్పిన బొమ్మకూ అద్దంలో బొమ్మకూ తేడా తెలియక. కాగితాన్ని ఎటు తిప్పినా రెండూ కలవకపోతే అది అద్దం బొమ్మే. పేపరు వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టుకుంటే అద్దం అక్కర్లేకుండానే కనిపిస్తుంది. అద్దంలో గడియారమైతే 12 గంటల్లోంచి తీసేయడమే: 3:20 అద్దంలో 8:40గా కనిపిస్తుంది. కాగితం మడిచి చిల్లు పెట్టే ప్రశ్నకు పుస్తకమే అక్కర్లేదు. శ్రీరామనవమి పందిరికి రంగుకాగితాలు మడిచి కత్తిరించిన పిల్లలకు అది చేతికి తెలిసిన పనే.

ఆ మాటకొస్తే మన ముగ్గులూ ఇవే లెక్కలు. '15 నుంచి 8 వరకు సందుచుక్క' అని వింటే చాలు, మా అమ్మకు వాకిట్లో చుక్కలన్నీ కళ్లముందే కనిపిస్తాయి. ఓ మూల వేసి, దాన్నే తిప్పుకుంటూ పోతుంది. దానికి రీజనింగ్ అని పేరుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

బుర్ర ఉంటేనే ఇవి వస్తాయి, నేర్చుకుంటే వచ్చేవి కావని ఓ నమ్మకం ఉంది. నేను ఒప్పుకోను. బ్రిటన్‌కు చెందిన జాన్ రావెన్ 1938లో ప్రచురించిన బొమ్మల పరీక్ష ఈ కోవలో అన్నిటికన్నా పేరున్నది. దాని ప్రశ్నలతోనే నెదర్లాండ్స్ సైన్యంలోకి వచ్చే కుర్రాళ్లను పరీక్షించేవారు. 1952 నుంచి 1982 లోపు అక్కడి సగటు ఐక్యూ దాదాపు 20 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు చూపించాడు. ముప్పై ఏళ్లలో పుట్టుక తెలివి అంత మారదు కదా! మారింది చదువు, అలవాటు, చూసే కన్ను. మోడల్ పేపరు ముఖం చూడని పల్లె పిల్లకు ఆ ఒక్క తేడాతోనే సీటు పోవచ్చు.

మీ ఇంట్లో ఈ పరీక్ష రాసే పిల్లలుంటే రోజుకు పది బొమ్మలు ముందేసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. జవాబు చెప్పకండి, "చుక్క ఎటు పోతోంది?" అని అడగండి. ఇంకోమాట: నవోదయలో తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఆఖరి నిమిషంలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దని చెప్పి పంపండి.