పరిశోధన వ్యాసాల సేకరణ, భద్రత, వినియోగం

క్షేత్ర ప్రయోగంలో ప్రతి మడికి ఒక సంఖ్య, ప్రతి పరిశీలనకు ఒక తేదీ ఉంటాయి. విత్తిన రోజు నుండి కోత వరకు వివరాలన్నీ క్షేత్ర పుస్తకంలో నమోదవుతాయి. అయితే అదే విద్యార్థి గ్రంథాలయ డేటాబేస్‌ల నుండి సేకరించిన వ్యాసాల విషయంలో ఈ క్రమశిక్షణ పాటించడం అరుదు. సిద్ధాంత గ్రంథ సమర్పణకు నెల రోజుల ముందు, సమీక్షాధ్యాయంలో ఉదహరించిన వ్యాసం ఏ పత్రికలో, ఏ సంపుటిలో వచ్చిందో తెలియక మళ్లీ మొదటి నుండి వెతుక్కోవలసి వస్తున్నది. వ్యాసాలను భద్రపరచడం కూడా పరిశోధనా పద్ధతిలో ఒక భాగమే.

వనరులు, అన్వేషణ

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2007లో ప్రారంభించిన ‘సెరా’ ద్వారా వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు వేలాది పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. సిద్ధాంత గ్రంథాల కొరకు ‘కృషికోశ్’, అంతర్జాతీయ సూచికల కొరకు ఆహార వ్యవసాయ సంస్థ వారి ‘అగ్రిస్’, అలాగే ‘క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్’ ముఖ్యమైనవి.

వీటిలో వెతికేటప్పుడు వాడిన పదాలను, డేటాబేస్ పేరును, తేదీని, లభించిన వ్యాసాల సంఖ్యను వెంటనే రాసి ఉంచుకోవాలి. దీని అవసరాన్ని శనగపచ్చ పురుగు ఉదాహరణ స్పష్టం చేస్తుంది. నేడు దీనిని హెలికోవెర్పా ఆర్మిజెరా అంటున్నారు. 1980వ దశకపు భారతీయ వ్యాసాలలో ఎక్కువగా హీలియోథిస్ ఆర్మిజెరా అన్న పేరే కనిపిస్తుంది. కొత్త పేరుతో మాత్రమే వెతికితే కంది, శనగ, ప్రత్తి పైర్లపై జరిగిన పాత పరిశోధనలో చాలా భాగం కంటికి కనబడదు. కంది పైరుకు కూడా రెడ్‌గ్రామ్, పిజియన్‌పీ, అర్హర్, తుర్, కజానస్ కజాన్ అన్న పేర్లన్నీ వాడుకలో ఉన్నాయి. ఏ పేరుతో వెతికారో రాసి ఉంచుకోనివారికి ఏది వెతకలేదో కూడా తెలియదు.

శాశ్వత చిరునామా

డేటాబేస్‌లో వ్యాసం తెరిచినప్పుడు పైన కనిపించే చిరునామాను నకలు చేసుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. అది చాలాసార్లు ఆ కొద్దిసేపటికే పనిచేస్తుంది. మరునాడు తెరిస్తే వ్యాసం రాదు. దానికి బదులు ‘పర్మలింక్’ అన్న శాశ్వత లంకెను గాని, 10 అంకెతో మొదలయ్యే డి.ఓ.ఐ. సంఖ్యను గాని భద్రపరచాలి. ప్రచురణకర్త వెబ్‌సైటు మారినా, ఆ వివరాలు నవీకరించినంత వరకు డి.ఓ.ఐ. వ్యాసాన్ని చూపుతుంది.

లాగిన్ కాకుండా డేటాబేస్ ఫోల్డరులో వేసుకున్న వ్యాసాలు బయటకు రాగానే తొలగిపోయే అవకాశం ఉంది. కాబట్టి వ్యక్తిగత ఖాతా తెరిచి, అందులోనే భద్రపరచడం మేలు. కోర్సు పూర్తయిన తరువాత విశ్వవిద్యాలయం ద్వారా లభించే ప్రవేశం సాధారణంగా ఆగిపోతుంది. అవసరమైన వ్యాసాల పి.డి.ఎఫ్. ప్రతులను అంతకు ముందే తీసి ఉంచుకోవాలి. అయితే ఒకేసారి వందల వ్యాసాలను యాంత్రికంగా దించుకోవడం లైసెన్సు నిబంధనలకు విరుద్ధం. ఒకరు చేసిన ఈ పనికి విశ్వవిద్యాలయం మొత్తానికి ప్రవేశం నిలిచిపోయే ప్రమాదం ఉంది.

అమరిక

‘2-ఫైనల్’, ‘కొత్తది’ వంటి పేర్లతో దాచిన పి.డి.ఎఫ్. ప్రతులు ఆరు నెలల తరువాత దాచినవారికే అర్థం కావు. రచయిత, సంవత్సరం, పైరు, అంశం అన్న వరుసలో పేరు పెట్టడం మంచి పద్ధతి. వ్యాసాల సంఖ్య యాభై దాటితే జొటేరో, మెండెలే వంటి సాఫ్ట్‌వేర్ అవసరమవుతుంది. 2006లో వెలువడిన జొటేరో ఉచితం. ఆన్‌లైన్‌లో 300 మెగాబైట్ల వరకు నిల్వ కూడా ఉచితమే. ఉపసంహరించబడిన వ్యాసాలు సేకరణలో ఉంటే 2019 నుండి ఇది హెచ్చరిస్తున్నది కూడా.

సాఫ్ట్‌వేర్ తెచ్చిన వివరాలను యథాతథంగా నమ్మరాదు. తెలుగువారు ఇంటిపేరును ముందు రాయడం వలన సూచికలలో పేర్లు తారుమారు కావడం తరచుగా కనిపిస్తుంది. ఒకే శాస్త్రవేత్త రెండు రూపాలలో నమోదై ఇద్దరుగా కనిపించవచ్చు. ప్రతి వ్యాసం వివరాలను మొదటి పేజీతో సరిచూసుకోవాలి. మొత్తం సేకరణకు వేరొకచోట మరొక ప్రతి ఉండాలి.

సారాంశ పత్రం

వ్యాసం భద్రంగా ఉన్నంత మాత్రాన విషయం భద్రంగా ఉన్నట్లు కాదు. ప్రతి వ్యాసానికి నేల రకం, కాలం, నీటి వసతి, వంగడం, మోతాదు, ప్రమాణం తెలిపే చిన్న సారాంశాన్ని జతచేయాలి. వీటిలో ప్రమాణం అత్యంత కీలకమైనది. ఒక వ్యాసంలో హెక్టారుకు 26 కిలోల భాస్వరం అని మూలక రూపంలో ఉన్నదనుకుందాం. దానిని 2.29తో గుణిస్తే పెంటాక్సైడ్ రూపంలో సుమారు 60 కిలోలవుతుంది. 16 శాతం పోషకం గల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో ఇది 375 కిలోలు. ఆ 26 కిలోలనే పెంటాక్సైడ్‌గా పొరబడి రాసుకుంటే ఎరువు 162 కిలోలకు పడిపోతుంది. ఎకరాను, హెక్టారును తారుమారు చేస్తే తేడా దాదాపు రెండున్నర రెట్లు.

విస్తరణలో ప్రాధాన్యం

ఈ పొరపాటు సిద్ధాంత గ్రంథంలో ఉంటే పరీక్షకుడు సరిదిద్దవచ్చు. ఏరువాక కేంద్రం నుండి సిఫారసుగా వెలువడితే దాని నష్టం రైతు పొలంలో కనిపిస్తుంది. ఎర్ర నేలల్లో వర్షాధారంగా వచ్చిన ఫలితాన్ని నల్లరేగడి నేలల్లో నీటిపారుదల కింద సాగుచేసే రైతుకు చెప్పినా ఫలితం అంతే. ఈ మోతాదు ఎక్కడిదని రైతు అడిగిన వెంటనే మూల వ్యాసాన్ని తెరిచి చూపగలిగిన శాస్త్రవేత్త తన సిఫారసును సమర్థించుకోగలడు, తప్పు ఉంటే సరిదిద్దుకోగలడు కూడా.

స్నాతకోత్తర విద్యార్థులు మొదటి సెమిస్టరులోనే ఈ అలవాటు చేసుకోవడం అవసరం. వారానికి ఒక గంట కేటాయించి, ఆ వారం సేకరించిన వ్యాసాల వివరాలను సరిచూసి, సారాంశాలు రాసుకుంటే, రెండేళ్ల తరువాత సమీక్షాధ్యాయం రాయడానికి కావలసిన సామగ్రి అంతా చేతిలో సిద్ధంగా ఉంటుంది.