గ్రహణం మొర్రికి గ్రహణం కారణం కాదు

శిశువు ముఖం, మెడ రూపుదిద్దుకునేది తొలి మూడు నెలల్లోనే

నాంపల్లి: పైపెదవి చీలికతో శిశువు జన్మిస్తే తెలుగునాట దానిని గ్రహణం మొర్రి అంటారు. పేరులోనే నింద దాగి ఉంది. గ్రహణ సమయంలో గర్భిణి ఆరుబయటకు వచ్చిందని, కత్తిపీట ముట్టిందని, కూరగాయలు తరిగిందని చెబుతూ ఇంటిల్లిపాదీ తల్లినే వేలెత్తి చూపుతారు. గర్భంలో పెదవి ఎప్పుడు, ఎలా ఏర్పడుతుందో తెలుసుకుంటే ఈ నింద ఎంత నిరాధారమో అర్థమవుతుంది. ఫలదీకరణ జరిగిన ఏడు వారాలకే శిశువు పైపెదవి నిర్మాణం దాదాపు పూర్తవుతుంది.

తల్లీబిడ్డల ఆరోగ్యం ఈ ప్రాంతానికి కొత్త విషయం కాదు. మొజంజాహీ మార్కెట్‌ ఎవరి పేరిట వెలిసిందో ఆ మొజంజా భార్య నిలోఫర్. ఏడో నిజాం కోడలైన ఆమె వద్ద పనిచేసే పరిచారిక 1949లో ప్రసవ సమయంలో మరణించింది. ఆ దుఃఖంలోంచి పుట్టిన సంకల్పమే 1953లో రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రిగా రూపుదాల్చింది. గర్భిణులు, పసిపిల్లల వైద్యానికి అది నేటికీ పెద్ద దిక్కు.

నాలుగో వారంలో పునాది

ఫలదీకరణ తర్వాత నాలుగో వారంలో పిండం బియ్యపు గింజంత ఉంటుంది. అప్పటికి దానికి ముఖం లేదు, మెడ లేదు. తల భాగానికి దిగువన, ఇరువైపులా మడతల వంటి ఉబ్బులు వరుసగా ఏర్పడతాయి. వీటినే గ్రసని చాపాలు అంటారు. చేపల్లో ఇటువంటి చాపాలే మొప్పలకు ఆధారమవుతాయి. మనిషి పిండానికి మొప్పలు ఏర్పడవు. ఆ చాపాలే దవడలుగా, చెవి ఎముకలుగా, గొంతుగా మారుతాయి.

మొదటి చాపం నుంచి రెండు దవడలు, నమిలే కండరాలు, మధ్యచెవిలోని కూటకం, దాగలి అనే ఎముకలు వస్తాయి. రెండో చాపం నుంచి మూడో చెవి ఎముక అంకవన్నె, నవ్వడానికి, కనుబొమలు ముడవడానికి తోడ్పడే ముఖ కండరాలు ఏర్పడతాయి. నాలుక మొదట ఉండే చిన్న ఎముకకు రెండు, మూడు చాపాలు కలిసి రూపమిస్తాయి. నాలుగు, ఆరో చాపాలు స్వరపేటిక మృదులాస్థులవుతాయి. ఐదోది మనిషిలో నిలవదు.

థైరాయిడ్ గ్రంథి ప్రయాణం మరీ విచిత్రం. నాలుక మూలంలో పుట్టి, క్రమంగా కిందికి దిగి, ఏడో వారానికి మెడలో తన స్థానానికి చేరుతుంది. అది వచ్చిన దారి పూర్తిగా మూసుకుపోకపోతే కొందరు పిల్లల్లో మెడ మధ్యన గడ్డ కనిపిస్తుంది. నాలుక బయటకు చాపినప్పుడు ఆ గడ్డ పైకి కదలడం దాని గుర్తు.

ఐదు భాగాల కలయికే ముఖం

ముఖం ఒకే ముద్దగా తయారు కాదు. నుదుటి వైపు ఒకటి, పైదవడకు రెండు, కిందిదవడకు రెండు చొప్పున ఐదు భాగాలు విడివిడిగా పెరిగి దగ్గరవుతాయి. ముక్కు రంధ్రాల లోపలి అంచులు మధ్యకు జరిగి, పైదవడ భాగాలతో ఆరు, ఏడు వారాల మధ్య అతుక్కుంటాయి. అదే పైపెదవి. ముక్కు కింద ఉన్న గాడికి ఇరువైపులా కనిపించే సన్నని గట్లు ఆ అతుకుల ఆనవాళ్లే. ఏదైనా వైపు ఈ అతుకు పడకపోతే అక్కడే మొర్రి ఏర్పడుతుంది.

అంగిలిది తర్వాతి వంతు. దాని రెండు పలకలు మొదట నాలుకకు ఇరువైపులా కిందికి వేలాడుతుంటాయి. ఎనిమిదో వారం ప్రాంతంలో నాలుక కిందికి జరగగానే అవి అడ్డంగా లేచి, పన్నెండో వారానికి పూర్తిగా కలిసిపోతాయి. కలవకపోతే అంగిలి చీలిక మిగులుతుంది. ఈ వారాలన్నీ ఫలదీకరణ నుంచి లెక్కించినవి. ఆసుపత్రి చీటీలో చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు కనుక వీటికి రెండు వారాలు కలుపుకోవాలి.

గ్రహణం వాదన ఎందుకు నిలవదు?

ఐదో నెలలోనో, ఎనిమిదో నెలలోనో వచ్చిన గ్రహణం అప్పటికే అతుక్కున్న పెదవిని చీల్చజాలదు. అయినా ఈ నమ్మకం ఎందుకు బలంగా ఉందంటే, గ్రహణాల రుతువు దాదాపు ఆరు నెలలకోసారి తిరిగి వస్తుంది. తొమ్మిది నెలల గర్భంలో భూమిపై ఎక్కడో ఒకచోట గ్రహణం రాకుండా ఉండదు. బిడ్డకు మొర్రి ఉంటే పంచాంగం తిరగేసిన వారికి ఏదో ఒక గ్రహణం దొరికి తీరుతుంది. అదే గ్రహణాల కాలంలో ఏ లోపమూ లేకుండా పుట్టిన లక్షలాది శిశువులను మాత్రం ఎవరూ లెక్కించరు.

గ్రహణమంటే నీడ. సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ భూమిపైన, చంద్రగ్రహణంలో భూమి నీడ చంద్రుడిపైన పడతాయి. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రవేత్తలు పరిశీలించారు. సూర్యుడిని నేరుగా చూస్తే కంటికి హాని కలుగుతుంది. ఆ జాగ్రత్త అందరికీ వర్తించేదే, గర్భిణులకు ప్రత్యేకం కాదు. గ్రహణం పేరిట గర్భిణిని గంటల తరబడి అన్నపానీయాలు లేకుండా ఉంచడమే అసలు ప్రమాదం.

కారణాలేమిటి?

ప్రపంచంలో సుమారు 700 జననాలకు ఒకరికి పెదవి లేదా అంగిలి చీలిక ఉంటుందని అంచనా. చాలా సందర్భాల్లో జన్యుపరమైన అంశాలు, గర్భిణి పరిసరాలు కలిసి పనిచేస్తాయి. పొగతాగడం, మద్యం, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పును పెంచుతాయి. మూర్ఛ మందులు వాడేవారు సొంతంగా మానేయరాదు. గర్భం దాల్చడానికి ముందే వైద్యుడిని సంప్రదించి మందు మార్చుకోవాలి. ఫోలిక్ యాసిడ్ మాత్రను కూడా గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున తీసుకోవాలి. ఇది ప్రధానంగా వెన్నుపాము, మెదడు లోపాలను నివారిస్తుంది. గర్భం ఖాయమైందని తెలిసేసరికే ముఖానికి పునాదులు పడిపోతాయి కనుక ముందుజాగ్రత్తకే విలువ ఎక్కువ.

బిడ్డ పుట్టాక

మొర్రి ఉన్న శిశువుకు పాలు పట్టడమే మొదటి సవాలు. అంగిలి చీలిక ఉంటే బిడ్డ పాలు గట్టిగా చప్పరించలేదు, పాలు ముక్కులోకి వస్తాయి. తల్లి పాలు పిండి, బిడ్డ తల ఎత్తి పట్టుకుని ఉగ్గుగిన్నెతోనో, చెంచాతోనో కొద్దికొద్దిగా పట్టాలి. మధ్యమధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. బరువు, రక్తహీనత పరిశీలించి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో పెదవికి, తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య అంగిలికి శస్త్రచికిత్స చేస్తారు. అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో చెవిలో నీరు చేరి వినికిడి తగ్గే అవకాశం ఉంది. చెవి పరీక్ష, మాటలు నేర్పే చికిత్స కూడా అవసరమవుతాయి.

కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పెదవి, అంగిలి చీలిక గుర్తించి చికిత్సకు పంపవలసిన లోపాల జాబితాలో ఉంది. అంగన్‌వాడీ లేదా ఆశా కార్యకర్త ద్వారా సమాచారం పొందవచ్చు. మొర్రి ఉన్న బిడ్డ పుట్టిన ఇంట్లో పెద్దలు చేయవలసిన పని గ్రహణం తేదీ వెతకడం కాదు. పాలు ఎలా పట్టాలో నేర్చుకోవడానికి, శస్త్రచికిత్సకు తేదీ తెలుసుకోవడానికి తొలి వారంలోనే తల్లిని, బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లడం.