ఇంటికి చిన్న కరెంటు బట్టీ: కొనేముందు చన్నీళ్ల లెక్క చూసుకోండి

బట్టీ అన్న మాట చెవిని పడగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల నొసలు ముడిపడుతుంది. అందుకు కారణం లేకపోలేదు. జహీరాబాదు చుట్టుపక్కల నేల చెరకుకు పేరుపడింది. చెరకు ఉన్నచోట బెల్లం, బెల్లం ఉన్నచోట దొంగసారా - ఈ చుట్టరికం మన పల్లెలకు కొత్తది కాదు. కాని అందులో బట్టీ చేసిన పాపం ఏమున్నది? నీటిని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి, తిరిగి నీరుగా పట్టుకోవడమే దాని పని. గులాబీ నీరు, సోంపు అరఖు, వాము అరఖు, ఇన్వర్టరు బాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు - అన్నీ ఆ పద్ధతిన దిగేవే.

తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో వినిపించే జహీరాబాదులో అరఖు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. యునానీ హకీములు ఇచ్చే సీసాల మీద ఉండే మాటే అది. అరబ్బీలో ఆ మాటకు చెమట అని అర్థం. మన శాస్త్ర గ్రంథాలవారు బట్టీ పట్టడాన్ని స్వేదనం అన్నారు. స్వేదమన్నా చెమటే! పాత్ర మూతకు పట్టిన చెమటను చూసే ఇద్దరూ పేరు పెట్టారన్నమాట.

ఇప్పుడు బొగ్గుల కుంపటి, కట్టెల పొయ్యి అక్కరలేకుండా బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు బాయిలర్లు అమ్మకానికి వస్తున్నవి. వీటిలో ఏది కొనాలి? దుకాణదారుడు సహజంగా పెద్దదే చూపిస్తాడు. మనం మాత్రం కొంచెం లెక్క వేసుకుని పోవాలి.

ముందు చట్టం సంగతి

సారాయి మాట ఇక్కడే తేల్చుకుందాం. న్యూజిలాండులో 1996 నుంచి ఎవరికి వారు సొంతానికి ఇంట్లో సారా దించుకోవచ్చు. అది అక్కడి ముచ్చట. మన దగ్గర 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సారా కాయడమే కాదు, కాయడానికని సరంజామా దగ్గర ఉంచుకోవడమూ నేరమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించి మొదలుపెట్టిన పోరాటం వల్లనే 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. ఎన్ని సంసారాలు గుల్లయితే ఆ ఉద్యమం పుట్టిందో తలుచుకుంటే చాలు. కాబట్టి ఈ వ్యాసంలో బట్టీ అంటే నీటికీ, పూలకూ, దినుసులకూ మాత్రమే.

లీటరుకు ఎంత కరెంటు?

30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి యూనిట్‌లో పన్నెండోవంతు కూడా పట్టదు. అసలు ఖర్చు ఆ తరువాతది. మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 0.63 యూనిట్ కావాలి. గాలికి పోయే వేడి కూడా కలుపుకుంటే లీటరుకు ముప్పాతిక యూనిట్ అనుకోవచ్చు. జహీరాబాదు సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల అక్కడ నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. అయితే ఖర్చులో చెప్పుకోదగిన తేడా రాదు.

అయిదుగురున్న ఇంటికి రోజూ 15 లీటర్ల తాగేనీరు ఇలా దించుకోవాలంటే 11 యూనిట్లు ఖర్చు. ఏ మధ్యతరగతి ఇల్లూ ఇది భరించలేదు. పైగా ఆ నీరు చప్పగా ఉంటుంది. అందుచేత ఇంటి బట్టీ తాగేనీటి కోసం కాదు. నెలకు నాలుగయిదు లీటర్ల బాటరీ నీరు, పండుగలకు పబ్బాలకు రెండు సీసాల గులాబీ నీరు - దాని అందం అంతవరకే.

చల్లార్చే నీటి సంగతి

చాలామంది మరిచిపోయేది ఇదే. ఆవిరి చేయడానికి ఎంత వేడి ఇచ్చామో, దాన్ని నీరుగా మార్చడానికి అంత వేడినీ తిరిగి లాగేయాలి. గొట్టం చుట్టూ పారే నీరు 30 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కుతుందనుకుంటే, ఒక్క లీటరు పట్టుకోవడానికి సుమారు 27 లీటర్ల చన్నీళ్లు కావాలి. 2,000 వాట్ల బాయిలరు పూర్తిగా పనిచేస్తే గంటకు 80 లీటర్లకు పైగా అడుగుతుంది. ఎండాకాలంలో డాబామీది ట్యాంకు నీరే గోరువెచ్చగా ఉంటుంది కనుక ఇంకా ఎక్కువ. బిందెలు లెక్కపెట్టుకునే ఇంట్లో ఇది సాగే పనేనా?

ఉత్తరాదిన కనౌజులో అత్తరు దించే పనివాళ్లను చూడండి. రాగి డేగు నుంచి వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరి నీటితొట్టెలో ముంచిన భప్కా అనే పాత్రలోకి చేరుతుంది. పనివాడి కన్ను పొయ్యి మీద ఎంత ఉంటుందో ఆ తొట్టె మీదా అంతే ఉంటుంది. నీరు వేడెక్కితే మార్చవలసిందే.

మన ఇంట్లో 40 లీటర్ల తొట్టెలో చుట్టగొట్టం ముంచామనుకోండి. లీటరు దిగేసరికి తొట్టెలో నీరు 13 డిగ్రీలు వేడెక్కుతుంది. రెండు లీటర్లు దిగేసరికి చెయ్యి పెట్టలేనంత అవుతుంది. అంటే ఒక తొట్టెకు రెండు లీటర్లే హద్దు. ఆ వేడినీళ్లు అంట్లకో స్నానానికో వాడుకుంటే ఏదీ వృథా కాదు. ఈ హద్దుకు సరిపోయే బాయిలరు 5 లీటర్లది, 750 నుంచి 1,000 వాట్లది. అంతకు మించినది కొంటే డబ్బూ దండగ, నీరూ దండగ. నీటికి కటకటగా ఉండే ఇంటికి ఫ్యానుతో చల్లబడే రకం మేలు. అది గంటకు లీటరు చొప్పున తాపీగా దించుతుంది.

లోహం, ప్లగ్గు, గొట్టం

బాటరీ నీటికి స్టెయిన్‌లెస్ స్టీలు గాని, గాజు గొట్టం గాని ఉండాలి. రాగి, ఇనుము ఏమాత్రం కలిసినా బాటరీకి చేటు. పూలకూ, దినుసులకూ స్టీలు గాని, లోపల కళాయి పోసిన రాగి గాని మంచిది. సీసం కలిసిన టంకం వేసిన పాత్ర ఎంత చవకగా వచ్చినా ఇంట్లోకి రానివ్వకండి.

వేడిచేసే కడ్డీ నీటిలో బయటికి కనిపించేది కాక అడుగు పలక కింద దాగి ఉన్నది ఎంచుకోండి. పూరేకు కడ్డీకి అంటుకుంటే మాడి, దించినదంతా మాడు వాసన కొడుతుంది. చిల్లుల పళ్లెం మీద దినుసులు పేర్చుకునే వీలుంటే మరీ మంచిది. నీరు అయిపోగానే కరెంటు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు, ఐ.ఎస్.ఐ. గుర్తు, మూడుకాళ్ల ప్లగ్గు, గోడలో సరైన ఎర్తు తప్పనిసరి. 1,000 వాట్లకు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. 1,500 వాట్లు దాటితే 16 ఆంపియర్లది ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం: ఆవిరి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. గొట్టం చివర సీసాకు బిరడా బిగించవద్దు. ప్రెషర్ కుక్కరుకు గొట్టం తగిలించే ప్రయోగాలు వద్దే వద్దు. గొట్టంలో ఆకు అడ్డుపడితే అది బాంబే. పాత్రను మూడింట రెండు వంతులకు మించి నింపకండి. పిల్లలు తిరిగే చోట పెట్టకండి.

ఏమి దిగుతుంది, ఏమి దిగదు

అరకిలో దేశవాళీ గులాబీ రేకులకు రెండున్నర లీటర్ల నీరు పోసి, లీటరు వరకు పట్టుకోండి. రేకులు తెల్లవారుజామున కోసినవైతే పరిమళం నిలుస్తుంది. నూనె మీద ఆశ పెట్టుకోకండి. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు వేల కిలోల రేకులు కావాలి. వాము, సోంపు, నిమ్మగడ్డి తేలికగా దిగుతాయి. వట్టివేరు గంటల తరబడి కూర్చోబెడుతుంది, చిన్న బట్టీకి తగదు. ఇక జహీరాబాదు అల్లం పండే ప్రాంతం కదా అని అల్లం వేస్తే వాసన వస్తుంది గాని ఘాటు రాదు. ఘాటునిచ్చే పదార్థం ఆవిరితో లేవదు, అడుగునే ఉండిపోతుంది.

మొదటిసారి ఉత్త నీరే పోసి దించి, ఆ నీరు పారబోయండి. సీసాలు వేడినీటిలో మరిగించి, పూలనీటిని చల్లని చోట ఉంచి, త్వరగా వాడుకోండి. పసిపిల్లలకు మందుగా పట్టే ముందు వైద్యుణ్ణి అడగండి.

దుకాణానికి బయలుదేరే ముందు ఇంట్లో ఒకసారి చూసుకోండి: తొట్టె ఎంతది, పొద్దున కుళాయి ఎంతసేపు వస్తుంది, గోడలో ప్లగ్గు ఏది? బట్టీ ఎంత పెద్దది ఉండాలో ఆ మూడే చెబుతాయి.