చిన్న పడవకు పెద్ద పోటు
సూరత్ తీరంలో పిల్లలతో తెరచాప విహారానికి ఆటుపోట్లే కొలమానం

సూరత్: వజ్రాల సానకు, కృత్రిమ వస్త్ర పరిశ్రమకు పేరొందిన ఈ నగరానికి సముద్రం చేరువలోనే ఉన్నప్పటికీ, పిల్లలను వెంటబెట్టుకుని చిన్న తెరచాప పడవలో ఒక పూట విహరించి రావడం అనుకున్నంత సులభం కాదు. ఇక్కడ గాలి అనుకూలించినంత మాత్రాన చాలదు. సముద్రం ఎప్పుడు ముందుకు వస్తుందో, ఎప్పుడు వెనుకకు పోతుందో గంటల లెక్కన తెలిసి ఉండాలి. ప్రపంచంలోనే అత్యధికంగా ఆటుపోట్లు సంభవించే ప్రాంతాలలో సూరత్‌ను ఆనుకుని ఉన్న ఖంభాత్ సింధుశాఖ ఒకటి కావడమే ఇందుకు కారణం.

విశాఖపట్నం తీరంలో పోటుకు, ఆటుకు మధ్య నీటిమట్టంలో తేడా రెండు మీటర్లకు మించదు. సూరత్ సమీపంలోని హజీరా వద్ద పెద్ద పోటు రోజులలో ఈ తేడా ఆరు మీటర్లు దాటుతుంది. మరింత ఉత్తరాన భావనగర్ వద్ద ఇది పది మీటర్లకు పైబడుతుంది. అరేబియా సముద్రం వైపు విశాలంగా ఉండి, ఉత్తరానికి పోను పోను గరాటు వలె ఇరుకై, లోతు తగ్గిపోయే సింధుశాఖ ఆకృతి వల్ల లోనికి వచ్చిన నీరు పైకి ఎగదన్నుతుంది.

వ్యాపారానికి వరం, విహారానికి గండం

ఈ ఆటుపోట్లపై ఆధారపడి కోట్లాది రూపాయల వ్యాపారం సాగుతున్నది. సింధుశాఖ పశ్చిమ తీరాన గల అలంగ్‌లో 1983లో ఓడలను విడగొట్టే పరిశ్రమ ప్రారంభమైంది. పెద్ద పోటు సమయంలో ఓడలను నేరుగా తీరానికి నడిపించి, నీరు తీసిన తరువాత వాటిని విడగొట్టడం అక్కడి పద్ధతి. 2020 నవంబర్‌లో ప్రారంభమైన ఘోఘా-హజీరా నౌకా సర్వీసు, రోడ్డు మీద సుమారు 370 కిలోమీటర్లుగా ఉన్న దూరాన్ని సముద్రం మీదుగా 90 కిలోమీటర్లకు తగ్గించింది.

అయితే బలమైన ఇంజన్లు గల నౌకకు సాధ్యమైనది తెరచాప పడవకు సాధ్యం కాదు. కారు వెనుక ట్రైలర్‌కు తగిలించి తీసుకుపోగల పదిహేను, పదహారు అడుగుల పడవ మంచి గాలిలో గంటకు ఏడు నుంచి తొమ్మిది కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. ఈ సింధుశాఖలో ప్రవాహ వేగం కొన్నిచోట్ల గంటకు పది కిలోమీటర్ల వరకు ఉంటుంది. అటువంటి ప్రవాహానికి ఎదురైనప్పుడు తెరచాప నిండుగా ఉన్నా పడవ ముందుకు సాగకపోగా వెనుకకు కొట్టుకుపోతుంది. గాలి ఒక వైపు, ప్రవాహం మరొక వైపు ఉన్నప్పుడు లేచే నిటారు కెరటాలు చిన్న పడవకు మరింత ప్రమాదకరం.

తపతి ముఖద్వారంలోని ఇసుక మేటలు మరొక సమస్య. మొఘలుల కాలంలో సూరత్ ప్రముఖ రేవుగా వెలుగొందినప్పటికీ, పెద్ద ఓడలు నదిలోకి రాలేక ఉత్తరాన సువాలీ వద్ద లంగరు వేసేవి. 1612లో ఆంగ్లేయులకు, పోర్చుగీసువారికి నౌకాయుద్ధం జరిగినది ఆ సువాలీ తీరంలోనే కావడం గమనార్హం.

పన్నెండు పాళ్ల లెక్క

పోటు నుంచి ఆటుకు ఆరు గంటలకు పైగా పడుతుంది. ఆ మార్పు అన్ని గంటలలోనూ ఒకే విధంగా ఉండదు. మొత్తం తేడాను పన్నెండు పాళ్లుగా భావిస్తే, మొదటి గంటలో ఒక పాలు, రెండవ గంటలో రెండు, మూడు, నాలుగు గంటలలో మూడేసి, అయిదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒక పాలు నీరు కదులుతుందని నావికుల లెక్క. దీని ప్రకారం ఆరు మీటర్ల పోటులో మధ్యనున్న రెండు గంటల్లోనే మూడు మీటర్ల నీరు పెరుగుతుంది. ఏటవాలు తక్కువగా ఉన్న డుమస్ వంటి తీరంలో ఆ నీరు చూస్తుండగానే చాలా దూరం చొచ్చుకువస్తుంది. డుమస్ ఇసుకలో కార్లు చిక్కుకుపోయిన సంఘటనలు పలుమార్లు వార్తలకెక్కాయి. పడవను నీటిలోకి దించడానికి ట్రైలర్‌ను ఇసుకపైకి తీసుకుపోయేవారికీ ఇదే ముప్పు పొంచి ఉంటుంది.

ఆటు సాగుతుండగా బయలుదేరి, పోటుతో తిరిగి రావడం నదీముఖాల వద్ద పూర్వం నుంచి ఉన్న పద్ధతి. పోటు సమయంలో పడవ మేటకు తగిలితే కొద్దిసేపట్లో నీరే దానిని లేపుతుంది. ఆటు సమయంలో తగిలితే మాత్రం బురద మధ్య, ఎండలో, గంటల తరబడి పిల్లలతో వేచి ఉండవలసి వస్తుంది. పెద్దల ఓపిక సంగతి ఎలా ఉన్నా, పిల్లల ఓపిక రెండు మూడు గంటలకు మించదు. ఆరు గంటల పోటుకూ, ఆ ఓపికకూ పొత్తు కుదరని రోజున విహారం మానుకోవడమే ఉత్తమం.

ఇందుకు పంచాంగం కూడా కొంత తోడ్పడుతుంది. అమావాస్య, పౌర్ణమి గడచిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు, అష్టమి గడచిన తరువాత చిన్న పోట్లు వస్తాయి. పోటు వేళ ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు వెనుకకు జరుగుతుంది. కచ్చితమైన వేళలను భారత సర్వే సంస్థ ఏటా పట్టికలుగా ప్రచురిస్తున్నది. కెరటాల ఎత్తు, గాలి వేగాలపై ముందస్తు అంచనాలను హైదరాబాద్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దేశ తీరమంతటికీ అందజేస్తున్నది.

ముందు చెరువు, తరువాత సముద్రం

సూరత్‌కు ఎగువన వడోదరలోని హర్ణీ సరస్సులో 2024 జనవరి 18న విహారయాత్రకు వచ్చిన పడవ బోల్తాపడి పన్నెండుగురు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించిన దుర్ఘటన పాఠకులకు విదితమే. పడవలో పరిమితికి మించి ఎక్కించారని, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవని అప్పట్లో వెల్లడైంది. అది ఆటుపోట్లు లేని నిలకడ నీరు. అటువంటి చోటనే ఇంత నష్టం జరిగినప్పుడు సముద్రంపై ఏమరుపాటుకు తావే లేదు.

పిల్లల లైఫ్ జాకెట్ వారి బరువుకు తగినదై ఉండాలి. పెద్దలది తొడిగితే నీటిలో పడినప్పుడు జాకెట్ పైకి జారి, బిడ్డ కిందికి పోయే ప్రమాదముంది. కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ, మెడ వెనుక ఆధారం, ఈల తప్పనిసరి. ఒడ్డున ఉన్నప్పుడే జాకెట్ తొడిగి, తిరిగి ఒడ్డుకు చేరేవరకు విప్పకూడదు. పడవ నడపడం తెలిసినవారు కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరు నీటిలో పడితే రెండవవారు పడవను వెనుకకు తిప్పగలగాలి. వెళ్లే దారిని, తిరిగివచ్చే వేళను ఒడ్డున ఒకరికి తెలిపి వెళ్లాలి. ఆపదలో తీరరక్షక దళం వారి 1554 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అసలు శిక్షణ నిలకడ నీటిలోనే మొదలుకావాలి. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం రూపొందించిన ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు మాత్రమే. హైదరాబాద్ యాట్ క్లబ్ హుస్సేన్ సాగర్‌లో ఈ పడవలపైనే పేద కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇస్తూ జాతీయ స్థాయి క్రీడాకారులను తయారుచేసింది. భోపాల్ పెద్ద చెరువులో తెరచాప పట్టడం నేర్చిన రైతుబిడ్డ నేహా ఠాకూర్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజత పతకం సాధించింది. ఆమె సముద్రంపై గెలిచినా, తొలి పాఠాలు నేర్చినది చెరువులోనే.

వరంగల్, కరీంనగర్ తదితర జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్ వంటి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సూరత్‌లో పెద్దసంఖ్యలో ఉన్నాయి. చెరువుల జిల్లాల నుంచి వచ్చిన వీరికి సముద్రపు పోటు కొత్త. సెలవు రోజున పిల్లలతో డుమస్‌కు వెళ్లేవారు, పడవ ఎక్కకపోయినా, ఆనాటి పోటు వేళను ముందుగా తెలుసుకోవడం అవసరం.

నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో చిన్న పడవలు బయలుదేరరాదు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు యాంత్రిక పడవలపై వేట నిషేధం కూడా అమలులో ఉంటుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు గల నెలలు విహారానికి కొంత అనువైనవి. ఆ నెలల్లోనూ పోటు లెక్కలో మాత్రం మార్పు ఉండదు.